పొయ్యి చుట్టూ పూల నేల

భోగి నాడు తెల్లవారుజామున నాలుగింటికే మా పెద్దమ్మ వంటింట్లో పొయ్యి రాజేసింది. ఇంటినిండా చుట్టాలు. అందరికీ తలంటు నీళ్లు కాగాలి. గ్యాస్ స్టౌ ఉంది. కానీ పాతిక మందికి నీళ్లు కాచాలంటే పెద్ద ఇత్తడి డేగిసా ఎక్కాలి, దానికింద కట్టెల మంట ఉండాలి. జీడిమామిడి దుంగలు, ఎండు కొబ్బరి మట్టలు పెట్టి మంట పెంచింది.

గంట గడిచేసరికి ఇల్లంతా అదోరకం ఘాటు వాసన. కట్టెల పొగ కాదు. ముక్కులోకి సూదిలా దిగే వాసన. చూస్తే, పొయ్యి ముందు పరిచిన కొత్త ‘మ్యాట్’ అంచు అప్పడంలా పైకి లేచి నల్లబడుతోంది. కంగారులో ఎవరో చెంబుడు నీళ్లు గుమ్మరించారు. మంట అంటుకోలేదు కానీ నేల మీద నీళ్లు నిలిచాయి. సరిగ్గా అప్పుడే ‘ఏటైనాది?’ అంటూ లోపలికొచ్చాడు పెద్దనాన్న. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొచ్చే మనిషి. కాలు జర్రున జారింది. గుమ్మం పట్టుకుని ఆగాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పండగ ఆసుపత్రిలోనే!

‘నాను ముందే సెప్పాను. పొయ్యి కాడ పేస్టిక్కేటిరా అని. ఇన్నారా?’ అంది పెద్దమ్మ.

తప్పు ఎవరిది? మ్యాట్ తెచ్చిన కొడుకుదా, మంట పెట్టిన తల్లిదా? ఆ ఇంటి కథ వింటే ఇద్దరిదీ కాదనిపిస్తుంది. అది ఒక్క ఇంటి కథా కాదు. పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లోనే కాదు, అటు అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలోనూ ఇదే చిక్కు. నిప్పు పక్కన ప్లాస్టిక్ నేల వేయొచ్చా? వేస్తే ఎంత దూరంలో, ఎలా?

కోడలి మోకాళ్లు... అత్త పొయ్యి

ఉద్దానం అంటే ఉద్యానవనం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య ఇళ్లు. పెద్దమ్మ ఇంట్లో హాలుకీ గదులకీ సిమెంటు గచ్చు చేయించినా వంటిల్లు మాత్రం నిన్నమొన్నటి దాకా మట్టి నేలే. వారానికోసారి ఎర్రమట్టి, పేడ కలిపి అలకడం, దాని మీద ముగ్గు పెట్టడం... చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ అలికేది ఎవరు? పెద్దమ్మకు డెబ్బై దాటాయి. నడుం వంగదు. ఆ పని కోడలికొచ్చింది.

ఆ కోడలు పొద్దున్నే పలాస బయల్దేరి జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది. రోజంతా కూర్చుని పిక్కలు కొట్టి, పప్పు తీసి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. వచ్చాక మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని నేల అలకాలి. ‘అత్తా, ఎన్నాళ్లని అలుకుతాను? పైగా మామయ్యకు దుమ్ము పడకూడదంటున్నారు కదా’ అని ఒకటికి నాలుగుసార్లు అంది. కొడుకు విన్నాడు. సంక్రాంతి బేరాల్లో పలాస వెళ్లినప్పుడు మీటర్ల లెక్కన అమ్మే వినైల్ షీటు కొనుక్కొచ్చాడు. గోధుమరంగు మీద చిన్న చిన్న పూలు. మట్టి నేల మీదే గోడ నుంచి గోడ దాకా పరిచేశాడు. పొయ్యి చుట్టూ కత్తెరతో చక్కగా కత్తిరించి మరీ ఆనించాడు. ఇంట్లో అందరికీ నచ్చింది... భోగి దాకా!

‘పొయ్యి తీసేద్దాం’ అన్నాడు కొడుకు భోగి మంట చల్లారాక. ‘నా పొయ్యి నాకొగ్గీండిరా’ అంది తల్లి. కోడలేమో మళ్లీ అలుకుడు నా వల్ల కాదంది. ముగ్గురూ నా వైపు చూశారు, పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయన్న నమ్మకంతో. నాకేమీ తెలియదు. తెలుసుకోవడం మొదలుపెట్టింది అప్పుడే.

గ్యాస్ వచ్చినా పొయ్యి పోలేదు

ముందు ఓ ప్రశ్న. ఇంటింటికీ గ్యాస్ వచ్చాక కట్టెల పొయ్యి ఇంకా ఎందుకు?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల యోజన మొదలైంది. 2024 నవంబరు 1న ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 పథకాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించింది మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. అలా పొయ్యి పక్కకి స్టౌ వచ్చింది. కానీ పొయ్యిని పంపించలేకపోయింది.

కారణం సులువే. కట్టెలకు ఇక్కడ డబ్బు పెట్టక్కర్లేదు. కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడిమామిడి కొమ్మలు తోటలోనే దొరుకుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలకు తోటలే నేలకూలాయి. బతుకుతెరువు పోయిందని ఏడ్చిన చేతులే ఆ చెట్లను నరికి కట్టెలుగా పేర్చుకున్నాయి. పెద్దమ్మ పెరట్లో ఆ మోపులు ఎన్నో ఏళ్లు ఉన్నాయి. ‘సెట్టు సచ్చినా అన్నం పెట్టింది’ అంటుంది ఆమె. చేపల పులుసుకీ, స్నానాల నీళ్లకీ, పండగ పిండివంటలకీ పొయ్యే కావాలి. చలికాలం తెల్లవారుజామున దాని ముందు కూర్చుంటే నెగడూ అదే, కబుర్ల వేదికా అదే.

అలాగని పొయ్యిని మరీ పొగడక్కర్లేదు. ఇంట్లో వంటపొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి ఉండాలంటే గాలి, వెలుతురు ఉండాలి. పొగ బయటికి పోయే దారుండాలి. ఆ సంగతి తర్వాత. ముందు నేల సంగతి చూద్దాం.

అసలీ వినైల్ ఏమిటి?

మన బజార్లో ఫ్లోర్ మ్యాట్ అనీ, కార్పెట్ అనీ పిలిచే ఆ షీటు నిజానికి పీవీసీ... అంటే పాలీవినైల్ క్లోరైడ్. నీళ్ల గొట్టాలు చేసేదీ దాంతోనే. గొట్టం గట్టిగా ఉంటుంది, షీటు చాపలా చుట్టుకుంటుంది. తేడా ఎక్కడుంది? షీటులో మెత్తదనం కోసం నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. వాటిని ప్లాస్టిసైజర్లు అంటారు.

ఈ కిటుకు కనిపెట్టింది వాల్డో సెమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. 1926లో బి.ఎఫ్.గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తూ రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతున్నాడు. అప్పటికి ఎందుకూ పనికిరాదనుకున్న పీవీసీని ఓ ద్రావకంలో వేడిచేస్తే జిగురు రాలేదు కానీ సాగే పదార్థం వచ్చింది. అదే మెత్తటి వినైల్. అంతకుముందు పాశ్చాత్యుల ఇళ్లలో లినోలియం ఉండేది. 1860ల్లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆంగ్లేయుడు అవిసె నూనెతో తయారుచేశాడు దాన్ని. వినైల్ వచ్చాక లినోలియం వెనకబడింది.

ఇప్పుడు మార్కెట్లో వినైల్ మూడు రూపాల్లో దొరుకుతోంది. మీటర్ల లెక్కన కోసిచ్చే పల్చటి షీటు ఒకటి. జిగురుతో అతికించే పలకలు రెండోది. ఒకదాని అంచు ఒకదాంట్లో ‘టక్’మని బిగించే చెక్క పట్టీల్లాంటివి మూడోది. ఈ పట్టీలు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ఏది కొన్నా పైన కనిపించే పూలూ చెక్క గీతలూ ముద్రించిన బొమ్మ మాత్రమే. దాన్ని కాపాడేది మీదున్న పారదర్శక పొర. ఇళ్లకు ఆ పొర 0.3 మిల్లీమీటర్లయినా ఉండాలి. మనుషుల రాకపోకలు ఎక్కువుండే చోట 0.5 మేలు. షాపులో రంగు చూసి మురిసిపోకుండా ఈ లెక్క అడగాలి.

తడిగుడ్డతో తుడిస్తే చాలు, దుమ్ము లేవదు, అడుగు పెడితే చల్లగా కాకుండా మెత్తగా ఉంటుంది, గిన్నె జారిపడినా నేల పగలదు... ఇవన్నీ నిజాలే. కోడలు కోరుకున్నదీ ఇవే. మరి చిక్కల్లా ఎక్కడ?

మంటకీ వినైల్‌కీ పడదు

గట్టి పీవీసీ గొట్టమే 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. ప్లాస్టిసైజర్ కలిపిన షీటు అంతకన్నా ముందే లొంగిపోతుంది. పొయ్యిలోంచి జారిపడే ఎర్రటి నిప్పుకణిక వేడి 600 డిగ్రీలకు పైమాటే. అది పడిన చోట షీటుకు చిల్లు పడుతుంది. అది అందరికీ తెలిసిందే.

తెలియనిది ఇంకోటుంది. నిప్పు తగలకపోయినా వినైల్ పాడవుతుంది. పొయ్యి నోటి నుంచి వేడి కిరణాల్లా వచ్చి ఎదురుగా ఉన్న నేలను కాలుస్తుంది. రోజూ కాస్త కాస్త వేడెక్కితే షీటు రంగు మారుతుంది, పెళుసవుతుంది, అంచులు లేస్తాయి. పట్టీలయితే వేడికి సాగి, చోటు లేక ఒకదాన్నొకటి నెట్టుకుని వీపు ఎత్తుతాయి. అలా లేచిన అంచు తగిలి పడిపోయేది ఎవరు? కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లూ, పరుగెత్తే పిల్లలూ!

పొగ సంగతి మరీ ముఖ్యం. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కళ్లు, ముక్కు, గొంతు తడిగానే ఉంటాయి కదా! భోగి నాడు ముక్కులో సూదిలా గుచ్చింది అదే. డయాక్సిన్ల వంటి విషాలూ పుట్టే ప్రమాదం ఉంది. అందుకే కత్తిరించగా మిగిలిన వినైల్ ముక్కలను పొయ్యి రాజేయడానికి వాడనే కూడదు. ‘పేస్టిక్కు వేగిరం అంటుకుంటాది’ అని పెద్దమ్మ వాటిని ఓ గోనెసంచిలో దాచిపెట్టింది. నేను చూసి బయటపడేయించాను.

డాలస్‌లోనూ ఇదే గొడవ

మా మేనకోడలు టెక్కలిలో చదువుకుని అమెరికా వెళ్లింది. డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఇంటి హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంది. ఫోన్లో భోగి సంగతి చెబితే ‘మామయ్యా, మాకూ ఇదే అయింది’ అంది. పాత తివాచీ పీకేసి వినైల్ పట్టీలు వేయించబోతే వచ్చిన మేస్త్రి ముందు టేపు తీసి ఫైర్‌ప్లేస్ ముందున్న రాతిని కొలిచాడట.

అక్కడ ఇళ్ల నిర్మాణానికి ఓ నిబంధన ఉంది. ఫైర్‌ప్లేస్ నోటి ముందు కనీసం 16 అంగుళాలు, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాల మేర కాలని పదార్థమే ఉండాలి... రాయి, ఇటుక, టైల్ లాంటివి. నోరు ఆరు చదరపు అడుగులు, అంతకుమించి పెద్దదయితే ముందు 20, పక్కల 12 అంగుళాలు. ఆ గీత దాటాకే చెక్కయినా వినైలయినా. ఉన్న రాతి మీద కూడా అందంగా ఉంటుందని వినైల్ కప్పేస్తామంటే మేస్త్రి ఒప్పుకోలేదట.

ఇంకో మాటా చెప్పింది. పట్టీలను రాతికి ఆనించి బిగించకూడదు. పావు అంగుళం ఖాళీ వదలాలి. ఎండకీ చలికీ వినైల్ సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ ఖాళీయే దానికి ఊపిరి. పైకి కనబడకుండా లోహపు పట్టీ ఒకటి వేస్తారు. ఆ పట్టీని కూడా వినైల్‌కు కాకుండా కింది నేలకే బిగిస్తారు. లేకపోతే మళ్లీ అది కదలలేదు.

‘కానీ మామయ్యా, మా ఫైర్‌ప్లేస్‌కి మూడు వైపులా గోడలు, పైన చిమ్నీ, ముందు అద్దం తలుపు. అమ్మమ్మ పొయ్యి అలా కాదు కదా’ అంది చివర్లో. అసలు విషయం అదీ! మన పొయ్యి నేల మీదే ఉంటుంది. కట్టెలు బయటికి పొడుచుకొస్తాయి. వాటిని ఎగదోస్తుంటే, వెనక్కి లాగి ఆర్పుతుంటే నిప్పులు రాలతాయి. అందుకే అక్కడి 16 అంగుళాలు మనకు చాలవు. కట్టె పొడవు, దాని వెనక కూర్చునే మనిషి... ఈ రెండూ పట్టేంత మేర రాయి ఉండాలి.

టెక్కలి రాయి ఇంటికొచ్చింది

రాయి అంటే వెతుక్కోవాలా? పక్కనే టెక్కలి ఉంది! ఈ చుట్టుపక్కల క్వారీల్లో దొరికే నీలి గ్రానైట్‌కు దేశవిదేశాల్లో పేరుంది. తూర్పు కనుమల శిలలు సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారినవి. అలాంటి రాయి ఓడలెక్కి ఎక్కడెక్కడి ఇళ్లలోనో నేలవుతోంది. ఇక్కడ పుట్టిన పిల్లలూ అలాగే వెళ్లారనుకోండి! లారీల్లో దాన్ని వెళ్తుండగా చూడటమే కానీ ఇంట్లో పరుచుకున్నవాళ్లు మన పల్లెల్లో తక్కువ. పెద్ద పలకలు ఖరీదే మరి. కానీ పాలిషింగ్ యూనిట్లలో కోయగా మిగిలిన ముక్కలు ఉంటాయి. పొయ్యి ముందు పరచడానికి అవి చాలు.

ఇక్కడో చిన్న జాగ్రత్త. గ్రానైట్ కాలదు కానీ నేరుగా మంట తగిలితే పెచ్చులూడుతుంది. అందులో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర రూపు మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఈ గుణాన్నే వాడుకుని రాతి మీద గ్యాస్ మంట ఆడించి గరుకు చేస్తారు. దాన్ని ‘ఫ్లేమ్డ్’ గ్రానైట్ అంటారు. అద్దంలా మెరిసే పాలిష్ రాయి నీళ్లు పడితే జారుతుంది, ఈ గరుకు రాయి జారదు. కాబట్టి మంట ఉండే పొయ్యి గుంతలో ఇటుక, మట్టి. దాని ముందు, పక్కల గరుకు గ్రానైట్. ఆ తర్వాతే వినైల్. ఇదీ వరస.

పని ఇలా చేశాం

ఉగాది లోపు పని పూర్తిచేయాలనుకున్నాం. టెక్కలి వైపు నుంచి ఓ తాపీమేస్త్రి వచ్చాడు. ముందు షీటు పైకి చుట్టించాడు. కింద చూస్తే నెల తిరక్కుండానే మట్టి నేల చెమ్మగిల్లి ఉంది. ఓ మూల చెదలు కూడా మొదలయ్యాయి. మట్టి నేల గాలి పీలుస్తుంది. దాని మీద ప్లాస్టిక్ కప్పితే తడి బయటికి పోయే దారి ఉండదు. అంటే మంట లేకపోయినా ఆ షీటు అక్కడ నిలిచేది కాదన్నమాట. ‘మట్టి మీద ఎయ్యకూడదు బాబూ, సిమెంటు బెడ్డు పడాల’ అన్నాడు మేస్త్రి.

పొయ్యిని మాత్రం కదపలేదు. అది పెద్దమ్మ పెట్టిన షరతు. దాని చుట్టూ మట్టి తవ్వి, ఇసుక కొట్టి, కాంక్రీటు పోశాడు. పొయ్యి నోటి ముందు మూడడుగులు, రెండు పక్కలా రెండేసి అడుగులు గ్రానైట్‌కు గీత గీశాడు. ఆ మేర రాతిని సిమెంటు మాలు మీద కూర్చోబెట్టాడు. ఇక్కడే అతని పనితనం చూడాలి. షీటు మందం ఎంతో కొలిచి, రాయి పైభాగం షీటు పైభాగంతో సమానంగా వచ్చేలా చూశాడు. గోరంత ఎత్తు తేడా వచ్చినా పెద్దనాన్న కాలికి తగులుతుంది కదా!

తర్వాత ఆగడం మొదలైంది. అందరూ తప్పు చేసేది ఇక్కడేనట. కాంక్రీటు పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. మాది సముద్రం గాలి తగిలే ఊరు. ఆరడానికి మరింత సమయం పడుతుంది. దానికో సులువైన పరీక్ష ఉంది. అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో నేలకు గాలి చొరబడకుండా అంటించాలి. 16 గంటలు వదిలేయాలి. తీసి చూస్తే కాగితం లోపలివైపు నీటి చుక్కలున్నా, నేల రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. మొదటిసారి చుక్కలొచ్చాయి. రెండోసారీ వచ్చాయి. ‘ఇంకెన్నాళ్లు?’ అని కోడలు సణిగింది. మూడోసారికి పొడిగా వచ్చింది.

అప్పుడు కొత్త షీటు. పాతదానికన్నా మందంగా ఉన్నది తీసుకున్నాం. తెచ్చిన వెంటనే పరచలేదు. చుట్ట విప్పి రెండు రోజులు అదే గదిలో ఉంచాం. గది వాతావరణానికి అలవాటుపడి ముడతలు సర్దుకున్నాయి. పొయ్యి దగ్గర రాతి ఆకారం ఓ అట్టముక్క మీద గీసుకుని, ఆ అట్టను షీటు మీద పెట్టి కోశాడు మేస్త్రి. ‘అట్ట పాడైతే ఇంకో అట్ట. షీటు పాడైతే డబ్బులు’ అన్నాడు. నిజమే! గోడల దగ్గరా, రాతి దగ్గరా సన్నటి ఖాళీ వదిలి, రాతికీ షీటుకీ మధ్య అల్యూమినియం పట్టీని కాంక్రీటుకు స్క్రూలతో బిగించాడు. నిప్పురవ్వ వచ్చి ఆ పట్టీ మీద పడితే షీటు అంచుకు అంటుకోదు.

చివరిగా ఓ పరీక్ష. పొయ్యి గంటసేపు బాగా మండించి, పట్టీ అవతల షీటు మీద అరచెయ్యి పెట్టి చూశాం. చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వచ్చుంటే రాతిని మరింత పెంచాల్సిందే. ఆ పనిలోనే పొయ్యి పైన గోడకు ఓ వెడల్పాటి పొగ కన్నం కొట్టించాం. ఎదురుగోడ కిటికీ తెరిచి ఉంచితే పొగ అటు నుంచి వెళ్లిపోతోంది. పొగ మొత్తం పోయిందని చెప్పను. కళ్లు మండటం తగ్గింది. రోజువారీ అన్నం కూర స్టౌ మీదే వండాలని కోడలు, పొయ్యి నీళ్లకీ పండగలకీ ఉంచాలని అత్త... ఇద్దరూ ఓ ఒప్పందానికొచ్చారు.

జీడి తొక్కలో కొత్త కబురు

ఈ వెతుకులాటలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. వినైల్‌ను మెత్తబరచడానికి చాలాకాలంగా థాలేట్లు అనే రసాయనాలు వాడుతున్నారు. వాటిలో కొన్ని ఆరోగ్యానికి చేటని తేలడంతో నాలుగు రకాల మీద ఐరోపా సమాఖ్య 2020 జులై నుంచి వినియోగ వస్తువుల్లో కఠిన పరిమితి పెట్టింది. షీటు కొనేటప్పుడు ‘థాలేట్లు లేనివి ఉన్నాయా’ అని అడగడం మంచిది. ముఖ్యంగా పాకే పిల్లలున్న ఇంట్లో.

మరి వాటి బదులు ఏం కలపాలి? శాస్త్రవేత్తలు ప్రయోగిస్తున్న వాటిలో ఒకటి... జీడి తొక్క నూనె! పిక్క తొక్కలో దాదాపు పావు వంతుకు పైగా నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కించే నూనె. పలాస ఆడవాళ్ల చేతులకు ఆ సంగతి బాగా తెలుసు. దాన్నుంచి కార్డనాల్ అనే పదార్థం తీస్తారు. ఆ నూనెతో చేసే రెసిన్ వేడికి తట్టుకుంటుంది కాబట్టి వాహనాల బ్రేకు లైనింగుల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు. అదే కార్డనాల్‌ను కాస్త మార్చి పీవీసీకి ప్లాస్టిసైజర్‌గా వాడొచ్చని ప్రయోగశాలల్లో తేలింది. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు, ఉద్దానం ఇసుకలో వేళ్లూనింది. దాని పప్పు పాయసంలోకి, కొమ్మ పొయ్యిలోకి వెళ్లాయి. రేపెప్పుడో తొక్క నూనె నేలలోకి రావొచ్చు.

ఈ సంగతి కోడలికి చెబితే తన చేతులు చూసుకుంది. ‘రోజంతా దాంతోనే కదా... ఇంటికొచ్చాక కాళ్ల కింద కూడా అదేనా?’ అని నవ్వింది.

మళ్లీ ముగ్గు

ఉగాది నాడు వెళ్లాను. వంటిల్లు కళకళలాడుతోంది. పెద్దనాన్న గోడ పట్టుకోకుండానే లోపలికొచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు. కోడలు తడిగుడ్డ పెట్టి రెండు నిమిషాల్లో నేల తుడిచేసింది. మోకాళ్ల మీద కాదు, నిలబడే... కర్రకు కట్టిన గుడ్డతో.

పెద్దమ్మ మాత్రం ఏదో వెతుకుతోంది. ముగ్గు డబ్బా. అంతకుముందు పూల షీటు మీద ముగ్గు పెట్టబోతే పిండి నిలవలేదట, కాలు తగిలితే చెదిరిపోయిందట. ‘నా సేతికి పనే లేకుండా సేసేరు’ అని నాలుగు రోజులు ముభావంగా ఉందట. ఆ రోజు వంగి కాకుండా చిన్న పీట వేసుకు కూర్చుని, పొయ్యి ముందు గరుకు గ్రానైట్ మీద నాలుగు గీతలు లాగింది. నీలిరాతి మీద తెల్లటి ముగ్గు చక్కగా పట్టుకుంది.

అప్పుడు పొయ్యి రాజేసింది.

పొయ్యి పక్కన వినైల్ వేస్తున్నారా?

* మట్టి నేల మీద నేరుగా వేయొద్దు. గట్టి, చదునైన, పూర్తిగా ఆరిన సిమెంటు నేల ఉండాలి.

* కట్టెల పొయ్యి ముందు, పక్కల రాయో టైలో ఉండాలి. ఎంత మేరో నిర్ణయించేది కట్టె పొడవు, మంట జోరు. గంట మండాక అరచేతి పరీక్ష మరవొద్దు.

* గ్యాస్ స్టౌ ఎప్పుడూ రాతి గట్టు మీదే. వినైల్ మీద పెట్టి వండొద్దు. వేడి గిన్నె, ఇస్త్రీపెట్టె కూడా నేరుగా దించొద్దు.

* సిలిండర్ ట్రాలీ రబ్బరు చక్రాలు, రబ్బరు అడుగున్న పట్టాలు వినైల్ మీద పసుపు మరకలు వేస్తాయి. అవి తుడిస్తే పోవు. కింద వేరే పలక పెట్టండి.

* నీళ్లు పడితే వెంటనే తుడవండి. పెద్దవాళ్లున్న ఇంట్లో నున్నటిది కాకుండా గరుకు ఉపరితలం ఉన్నది ఎంచుకోండి.

* తెగిన ముక్కలు, పాత షీట్లు పొయ్యిలోనో భోగి మంటలోనో వేయొద్దు. చెత్తబండికి ఇవ్వండి.